రేపటి కబురు చెప్పే ఊరు

హైదరాబాదు నుంచి పుణె వైపు పోయే జాతీయ రహదారిపై సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసిన తరువాత, కర్ణాటక సరిహద్దు ఇక కొద్ది దూరంలో ఉన్నదనగా, జహీరాబాదు వస్తుంది. వికారాబాదు నుంచి బీదరు మీదుగా పర్లీ వైద్యనాథానికి పోయే రైలు మార్గం కూడా ఈ ఊరిని తాకుతూనే పోతుంది. దూరప్రయాణం చేసేవారిలో చాలామందికి ఇది టీ తాగడానికి బస్సు ఆగే చోటు మాత్రమే. కిటికీలోంచి చూస్తే చెరకు ట్రాక్టర్లు, అల్లం బస్తాలు, లారీలు బాగుచేసే దుకాణాలు కనబడతవి. ట్రాక్టర్లు తయారుచేసే కర్మాగారమూ ఇక్కడ ఉన్నది. బజారులో పది అడుగులు నడిస్తే తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ చెవిన పడతవి. ఒకే బేరంలో మూడు భాషలు మారినా ఎవరూ వింతగా చూడరు.

చూడవలసిన చోట్లు ఏమున్నవని అడిగితే స్థానికులు మొదట ఝరాసంగం పేరు చెబుతారు. అక్కడి కేతకీ సంగమేశ్వరస్వామికి మొగలిపువ్వుతో పూజ చేస్తారు. బ్రహ్మ పలికిన అబద్ధానికి సాక్ష్యం చెప్పినందుకు మొగలిపువ్వును శివుడు తన పూజకు పనికిరాదని శపించినట్లు పురాణగాథ. సాధారణంగా శివాలయాలలో వెలివేయబడిన పువ్వుకు ఇక్కడ గర్భగుడిలో చోటు దొరకడం విశేషమే. మహాశివరాత్రికి జరిగే జాతరకు కన్నడ దేశం నుంచి, మరాఠా దేశం నుంచి కూడా భక్తులు వస్తారు. అయితే ఈ వ్యాసం ఆ గుడిని గురించి కాదు. వెలివేయబడినవారికి చోటు దొరికిన మరొక సంగతి ఈ ప్రాంతంలోనే ఉన్నది, దానిని గురించి.

ఏ చిన్న పట్టణానికైనా కొత్తగా వచ్చినవాడు ఆ ఊరి వార్తలు తెలుసుకోవాలంటే పత్రిక కొననక్కరలేదు. బస్టాండు గోడలు చదివితే చాలును. ఎవరి పెండ్లి ఎప్పుడు, ఏ నాయకుని పుట్టినరోజు ఎన్నడు, ఎక్కడ కంటి పరీక్షల శిబిరం, ఏ మైదానంలో కబడ్డీ పోటీలు, ఏ గుడిలో బోనాలు అన్నీ అక్కడ అతికించి ఉంటవి. ఆటోకు మైకు కట్టుకుని బట్టల దుకాణం తగ్గింపు ధరలు చాటేవాడు ఒకడు పోతూ ఉంటాడు. మసీదు మైకులో ఎవరో పోయినారని, జనాజా ఫలానా వేళకని వినబడుతుంది. ఇప్పుడైతే ప్రతి వీధికి ఒక వాట్సాప్ బృందం కూడా ఉన్నది.

ఈ కబుర్లను గమనించితే ఒక విషయం స్పష్టమవుతుంది. పెద్ద పత్రికలు నిన్న జరిగినదానిని చెబుతవి. చిన్న ఊరికి కావలసినది రేపు జరగబోయేది. రేపు కరెంటు ఎన్ని గంటలకు తీస్తారు, నల్లా నీళ్లు వస్తవా రావా, పశువులకు టీకాలు వేసే డాక్టరు ఏ రోజు వస్తాడు, జాతర బండి మన ఊరికి ఎన్నడు చేరుతుంది? ఇవి తప్పిపోతే పల్లెలో ఒక ఇంటికి ఒక రోజు కూలి పోవచ్చు, ఒక ఎడ్ల జత జబ్బు పడవచ్చు. దేశ రాజకీయాలలో ఒక వార్త తప్పిపోయినందువల్ల అంతటి నష్టం ఏ ఇంటికీ వెంటనే కలగదు.

పూర్వం ఈ పని చేసినది దండోరా. సాయంకాలం, జనం చేలనుంచి ఇండ్లకు చేరిన తరువాత, డప్పు మీద దరువు వేసుకుంటూ ఒక మనిషి వీధి వీధికీ తిరిగేవాడు. మూడు బాటలు కలిసే చోట నిలబడి, డప్పు ఆపి, గొంతెత్తి చెప్పేవాడు: శిస్తు కట్టవలసిన గడువు, చెరువు తూము ఎత్తే రోజు, పంచాయతీ కూడే వేళ. రేడియో గాని పత్రిక గాని లేని కాలంలో అంత నమ్మకమైన ప్రసార సాధనం మరొకటి లేదు. కాని ఆ డప్పు ఎవరి చేతిలో ఉండేదో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. ఊరి కబురంతా మోసినది వెలివాడ మనిషి. ఆ కబురేమిటో నిర్ణయించినది ఊరి నడుమ ఉన్న చావడి. చావడిలో కూర్చునే హక్కు డప్పు పట్టినవానికి లేదు. అతని నోట ఊరి మాటే గాని అతని మాట ఏనాడూ వెలువడలేదు. అతని ఇంటి ఆడవారి మాట సంగతి చెప్పనే అక్కరలేదు.

జహీరాబాదును ఆనుకుని ఉన్న పస్తాపూరులోను, అక్కడికి దగ్గరలోనే ఝరాసంగం మండలంలో ఉన్న మాచునూరులోను జరిగినదానిని ఈ నేపథ్యంలో చూడాలి. 1983లో ఈ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పని ప్రారంభించినది. ఊరూరా పేద స్త్రీలు, అందులోను అధికభాగం దళిత స్త్రీలు, సంఘాలుగా ఏర్పడినారు. ఇక్కడివారి నోట అది ‘సంగం’. పడావు పడిన చెల్కలను తిరిగి సాగులోకి తేవడం, జొన్నలు, కొర్రలు, సామలు పండించుకోవడం, విత్తనం ఇంట్లోనే దాచుకోవడం వారు మొదట పట్టుకున్న పనులు.

ఆ సంస్థ స్థాపకులలో ముఖ్యుడైన పి.వి. సతీష్ మైసూరులో జన్మించినవారు. 2023 మార్చి 19న మరణించినారు. పల్లెలకు రాకముందు ఆయన దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 1975–76లో అమెరికా ఉపగ్రహం సహాయంతో మన దేశంలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆయన పనిచేసినారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఆ ప్రయోగంలో ఉన్నవి. అది గొప్ప ప్రయోగమే. అయితే అందులో మాట ఆకాశం నుంచి పల్లెకు దిగినదే గాని పల్లె నుంచి ఎక్కడికీ పోలేదు. ఎరువులు ఎట్లా చల్లాలో పట్నం చెప్పినది, పల్లె విన్నది. దండోరాకూ దీనికీ యంత్రంలోనే తేడా.

1990ల చివరి సంవత్సరాలలో ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ యునెస్కో తోడ్పాటుతో ఇక్కడ చిన్న రికార్డింగు గది ఏర్పడినది. సంఘం స్త్రీలు మైకు పట్టుకోవడం, శబ్దం కూర్చడం నేర్చినారు. అదే రోజులలో వారిలో కొందరు వీడియో కెమెరా కూడా నేర్చినారు. అక్షరాలు రానివారికి కెమెరా కోణాల పేర్లు ఎట్లా నేర్పాలన్న సమస్య వచ్చినప్పుడు వారే తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి తీసే దృశ్యం ‘పటేలు షాటు’. గడీ అరుగు మీద కూర్చున్న దొర కింద నిలబడ్డవారిని చూసేది అట్లాగే గదా! కిందినుంచి పైకి తీసేది జీతగాని చూపు. కంటికి కన్ను సమానంగా ఉంచి తీసేది ‘సంగం షాటు’, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. చలనచిత్ర శాస్త్రం మీద వచ్చిన పెద్ద పెద్ద గ్రంథాలలో కూడా ఇంత సూటి నిర్వచనం దొరకడం అరుదని నా అభిప్రాయం.

కెమెరాకు అనుమతి అక్కరలేదు. రేడియోకు మాత్రం కావాలి. ఆ అనుమతి రావడానికి దాదాపు పదేళ్లు పట్టినది. స్త్రీలు కార్యక్రమాలు రికార్డు చేస్తూనే ఉన్నారు. ప్రసారం చేసే వీలు లేనందువల్ల ఆ టేపులను సంఘం సమావేశాలకు మోసుకుపోయి వినిపించేవారు. రేడియో తరంగం మీద పోవలసిన మాట సంచిలో పడి, కాలినడకన ఊరూరా తిరిగినది.

ఈ జాప్యానికి కారణం చట్టం. రేడియో తరంగాలు ప్రభుత్వ సొత్తు అనే భావన బ్రిటిష్ వారి కాలం నుంచి వచ్చినది. 1995 ఫిబ్రవరి 9న సర్వోన్నత న్యాయస్థానం, క్రికెట్ పోటీల ప్రసారానికి సంబంధించిన వివాదంలో, ఆ భావనను తోసిపుచ్చినది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజల మేలు కొరకే వినియోగించాలని తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనంలో న్యాయమూర్తి పి.బి. సావంత్‌తో పాటు తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. క్రికెట్ తగాదా పుణ్యమా అని పల్లెటూరి స్త్రీలకు మైకు దక్కడం మన ప్రజాస్వామ్యంలోని వింతలలో ఒకటి.

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే అవకాశం ఇచ్చినారు. 2004లో మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయం తొలి కేంద్రాన్ని నెలకొల్పినది. 2006 నవంబరులో గాని స్వచ్ఛంద సంస్థలకు అనుమతి లభించలేదు. ఈ విషయంలో పొరుగు దేశాలు మనకన్న ముందే నడిచినవి. సింహళంలో మహావేలి నదీ ప్రాంతపు రైతుల కొరకు 1981లోనే సామాజిక రేడియో మొదలైనది. నేపాలులో రేడియో సగర్‌మాథా 1997లో ప్రసారాలు ప్రారంభించినది. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం తన పల్లెల గొంతుకు భయపడినంతగా ఆ చిన్న దేశాలు భయపడలేదు.

చివరకు 2008 అక్టోబరు 15న, గ్రామీణ స్త్రీల అంతర్జాతీయ దినోత్సవం నాడు, మాచునూరులో ‘సంగం రేడియో’ ప్రారంభమైనది. ప్రారంభించినవారు ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి సావంత్‌గారే. దళిత స్త్రీలు నడిపే కేంద్రంగా దేశవిదేశాలలో దానికి పేరు వచ్చినది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు దాని బాధ్యత వహించినారు. 90.4 మెగాహెర్ట్‌జ్ మీద, సాయంకాలం ఏడు గంటల వేళ, అనగా పూర్వం దండోరా తిరిగిన వేళకే, ప్రసారం మొదలయ్యేటట్లు ఏర్పాటు చేసుకున్నారు. పొయ్యి మీద కుండ పెట్టి, రొట్టె కొట్టుకుంటూ వినవచ్చునన్నది వారి లెక్క.

సామాజిక రేడియో అంటే ఆకాశవాణి వంటి పెద్ద కేంద్రమని ఊహించుకోరాదు. ప్రసారశక్తి సాధారణంగా నూరు వాట్లకు మించరాదు. స్తంభం ఎత్తు ముప్ఫై మీటర్లు దాటరాదు. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికులు పాలుపంచుకుని తయారుచేసినవై ఉండాలి. ఇంతవరకు బాగానే ఉన్నది. ఆపైన ఒక నిబంధన ఉన్నది: ఈ కేంద్రాలు సొంతంగా సేకరించిన వార్తలు ప్రసారం చేయరాదు. మరి వార్త అంటే ఏమిటి? వాతావరణం, రోడ్ల పరిస్థితి, పండుగలు, ఉత్సవాలు, ఆటల పోటీలు, పరీక్షల తేదీలు, ఉద్యోగావకాశాలు, కరెంటు నీళ్ల ప్రకటనలు, తుపాను హెచ్చరికలు ‘వార్తలు కాని’ విషయాలని తరువాత వచ్చిన నిబంధనలు విడదీసి చెప్పినవి. వాటిని నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చును.

ఢిల్లీలో కూర్చుని ఈ పట్టిక తయారుచేసిన అధికారికి తెలిసి జరిగినదో తెలియక జరిగినదో గాని, చిన్న ఊరు దేనిని వార్త అంటుందో అదంతా ఇందులోకి వచ్చేసినది. అయినా ఒక లోటు మిగిలిపోయినది. రేపు నీళ్లు రావని చెప్పవచ్చు. ఎందుకు రావో విచారించి చెబితే అది వార్త అవుతుంది, చెప్పరాదు. జాతర ఫలానా రోజున అని చెప్పవచ్చు. జాతర సాగే పొలాల నేల ఎవరి చేతికి పోతున్నదో ఆరా తీసి చెప్పడం గీత దాటినట్లే. ఈ గీత ఉచితమైనదని నేను అనుకోను. డప్పు చేతికి ఇచ్చి, చావడిలో మాట ఇంకా అట్టిపెట్టుకున్నట్లున్నది.

ఆ నేల ప్రస్తావన ఊరికే తీసుకురాలేదు. న్యాల్కల్, ఝరాసంగం మండలాలలో పన్నెండు వేల ఎకరాలకు పైబడిన భూమిలో జాతీయ పెట్టుబడుల, వస్తూత్పత్తి మండలం నెలకొల్పాలని ప్రభుత్వ ప్రతిపాదన. 2016లో కేంద్ర ప్రభుత్వం దానికి ఆమోదం ఇచ్చినది. కొలువులు వస్తవని ఆశించేవారు ఉన్నారు. నేల పోతుందని దిగులు పడేవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ బలమున్నది.

ఇక ఈ ప్రాంతపు అతి పెద్ద ‘వార్త కాని వార్త’ పాత పంటల జాతర. ఇరవై ఏళ్లకు పైబడి ఏటా సంక్రాంతికి మొదలై, సుమారు ఒక నెలరోజులు సాగి, ఫిబ్రవరి నడిమికి మాచునూరులో ముగియడం దాని రివాజు. ఎడ్లబండ్లకు రంగులు వేసి, జొన్న కంకులు, సజ్జ కంకులు తోరణాలుగా కట్టి, ఈతబుట్టలలో ఎనభై వరకు విత్తన రకాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. జొన్నలలోనే తెల్లవి, పచ్చవి, ఎర్రవి. కొర్రలు, సామలు, అనుములు, కందులు, కుసుమలు, నువ్వులు. బండి పొలిమేరకు చేరగానే ఆ ఊరి స్త్రీలు మంగళహారతితో ఎదురు వస్తారు. ముందు డప్పులు మోగుతూ ఉంటవి. అది దండోరా డప్పే. కాని ఇప్పుడు దాని వెనుక నడిచే మాట డప్పు పట్టినవారిదే.

ఊరి నడుమ బండ్లు ఆపి సభ చేస్తారు. నిరుడు ఏ పంట ఎట్లా వచ్చినది, ఏ విత్తనం ఎవరి ఇంట మిగిలినది, ఏది ఊరిలో మాయమైనది అన్నది అక్కడి చర్చ. ఒక స్త్రీ దగ్గర లేని విత్తనం మరొకరి దగ్గర ఉంటే తీసుకుంటుంది. పంట చేతికి వచ్చిన తరువాత రెట్టింపు తిరిగి ఇవ్వడం వాడుక. డబ్బు ప్రసక్తి లేదు. విత్తనానికి బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి, మన్నూ పేడా కలిపి మూత మెత్తి దాచుతారు. ఏ బుట్టలో ఏమున్నదో రాసిపెట్టిన కాగితం ఉండదు. ఆ ఇంటి ఇల్లాలికే తెలుసు. ఆమె కన్నుమూస్తే ఒక గ్రంథాలయం మూతపడినట్లే. అందుకే ఆ మాటలను రేడియో కొరకు రికార్డు చేసిపెట్టడానికి ఇంత విలువ.

ఈ నేలలో ఒక్క చేనులోనే పది పన్నెండు మొదలుకొని ఇరవై రకాల వరకు కలిపి విత్తే పద్ధతి ఉన్నది. ఒకటి పోతే ఒకటి నిలుస్తుంది. వానలు వెనుదీసిన తరువాత, నీరు పెట్టకుండా, నేలలోని తడితోను చలికాలపు మంచుతోను పండేవాటిని ‘సత్యం పంటలు’ అంటారు. భూమి తన సత్యంతో పండించిందన్న భావం కాబోలు. ఎంత చక్కని మాట! వ్యవసాయ శాఖ కరపత్రాలలో ఇట్టి పదం దొరకదు. స్థానిక భాషలో రేడియో ఉండవలసిన అవసరం ఇక్కడే బోధపడుతుంది. ఆ పదాన్ని పుస్తక భాషలోకి మార్చి చదివితే, ఆ పంట ఏదో పండించే మనిషికే తెలియదు.

2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. బీదవాని తిండి అని ఒకనాడు ముఖం చాటువేసిన కొర్రన్నం నగరాలలోని హోటళ్లలో వెలపెరిగిన వంటకమైనది. ఇంత జరిగినా, జాతర బండ్లు పోయే బాటకు ఇరుపక్కలా చెరకు, పత్తి చేలు తగ్గినవని చెప్పలేము. చెరకుకు ఫ్యాక్టరీ ఉన్నది, పత్తికి వ్యాపారి ఉన్నాడు. కొర్రలకు ఇల్లే దిక్కు. యువకులకు కర్మాగారం పిలుపు దగ్గర. వారి తల్లులు దాచిన విత్తనం వారి భార్యలు దాచుతారా అన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న. జాతర సభలలో ఆ ప్రశ్న వేసేవారు కూడా ఆ తల్లులే.

దేశంలో సామాజిక రేడియో కేంద్రాల సంఖ్య 2024 నాటికి ఐదువందలకు చేరువైనది. అందులో అధికభాగం స్వచ్ఛంద సంస్థలవి, కళాశాలల ఆవరణలలోనివీ చాలానే ఉన్నవి. కూలినాలి చేసుకునే స్త్రీల చేతిలో ఉన్నవి వేళ్లమీద లెక్కించదగినవి.

ఈ ప్రాంతాన్ని చూడదలచినవారు సంక్రాంతికి, ఫిబ్రవరి నడిమికి మధ్య రావడం మంచిది. అప్పుడు జొన్న చేలు కంకి మీద ఉంటవి. ఎండ తీవ్రత ఉండదు. జహీరాబాదులో దిగి ఝరాసంగం పోయే బాట పట్టితే, జాతర నాళ్లలో బండ్లు ఏ ఊరిలో ఉన్నవో ఎవరిని అడిగినా చెబుతారు. చేతిలో ఒక చిన్న ట్రాన్సిస్టరు ఉంటే మరీ మంచిది. ఒకప్పుడు సెల్‌ఫోను ఉన్న ప్రతివాని చేతిలోనూ రేడియో ఉన్నట్లే లెక్క. చెవిలో పెట్టుకునే తీగయే దానికి ఏంటెన్నాగా పనిచేసేది. ఇప్పుడు వచ్చే ఖరీదైన ఫోన్లలో చాలావాటికి ఆ తీగా లేదు, ఆ రేడియో లేదు. అన్ని ఫోన్లలో ఎఫ్.ఎం. పనిచేసేటట్లు చూడవలసిందని 2023 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచన పంపినది. సూచన సంగతి ఎట్లున్నా, సాయంకాలం ఏడు గంటల వేళకు 90.4 దగ్గర ముల్లు నిలిపి వినండి. ముందు కొంత గరగర వినబడుతుంది. ఆ తరువాత వచ్చే గొంతు చదువరి గొంతు కాదు, చేనుగట్టు గొంతు.